పెళ్ళి ఫోటోలు చేతికి రావడానికి ఇన్ని వారాలు ఎందుకు పడుతుంది?

మీ చెల్లెలి పెళ్ళి మాఘమాసంలో జరిగిందనీ, పది వారాలు దాటినా ఫోటోగ్రాఫర్ “ఎడిటింగ్‌లో ఉందండీ” అన్న మాట తప్ప మరొకటి చెప్పడం లేదనీ, ఫోన్‌లో ఒక్క నిమిషంలో అయిపోయే పనికి ఇంత కాలం ఎందుకనీ అడిగారు. ఆయన దగ్గరున్న రా ఫైళ్ళు (కెమెరా దాచిన, ఇంకా సరిచేయని అసలు ఫైళ్ళు) తీసుకుని వేరేవారి చేత చేయించుకోవచ్చా అన్నది మీ రెండో ప్రశ్న. గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తూ, ఎడిటింగూ ఆల్బమ్ డిజైనింగూ మా స్టూడియోలోనే చూసుకుంటున్నవాణ్ణి కనుక రెండింటికీ నాకు తెలిసినంత వివరంగా జవాబిస్తాను. మీ అనుమానంలో కొంత నిజముంది. ఒక మామూలు పెళ్ళికి కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని పది పన్నెండు రోజులకు మించదు. పది వారాల్లో ఆ రోజులు పోగా మిగిలిన కాలం ఎక్కడ ఆగిందో తెలిస్తే, మీరు ఎవరిని ఏమని అడగాలో కూడా తెలుస్తుంది.

రీలు కెమెరాల కాలంలో ఒక రోల్‌కు 36 ఫోటోలు వచ్చేవి. పది రోల్స్ తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్ 360 సార్లు బటన్ నొక్కేలోపు పెళ్ళి పూర్తికావాలి కాబట్టి, ఏది తీయాలో ఏది వదిలేయాలో మండపంలోనే తేల్చుకునేవాడు. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ తేల్చుకోవడం మండపం నుంచి ఎడిటింగ్ గదికి మారింది. మంగళసూత్రధారణ ఒక్కటే తీసుకోండి. గట్టిమేళం మోగుతుండగా మూడు ముళ్ళు పడే ఆ అర నిమిషంలో అక్షతలు వేసే చేతులు, ఫోన్లు పట్టుకుని ముందుకు వంగే బంధువులు, పట్టు చీరల కొంగులు అన్నీ కెమెరాకు అడ్డం వస్తూనే ఉంటాయి. వరుడి వేళ్ళు, వధువు ముఖం, సూత్రాలు మూడూ ఒకేసారి ఏ క్షణంలో కనబడతాయో ఎవరూ చెప్పలేరు కనుక సెకనుకు పది చొప్పున తీసుకుంటూ పోతాం. అలా వచ్చిన మూడు వందల్లో ఆల్బమ్‌కు పనికివచ్చేవి నాలుగో అయిదో ఉంటాయి. అవి ఏవో తెలియాలంటే మూడు వందలూ చూడాలి. పెళ్ళికూతురిని చేయడం మొదలుకొని సంగీత్, పెళ్ళి, సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్ దాకా ఇద్దరు ముగ్గురు తీసిన చోట అయిదారు వేల ఫోటోలు పోగుపడడం మామూలే.

పెళ్ళి నుంచి తిరిగి రాగానే జరిగే మొదటి పని కెమెరా మెమరీ కార్డుల్లో ఉన్నదాన్ని రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించడం. ఒక రా ఫైలు సుమారు 30 ఎంబీ అనుకుంటే అయిదు వేల ఫోటోలు 150 జీబీ, రెండు ప్రతులు కలిపి 300 జీబీ అవుతాయి. ఇది కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పనే అయినా, ఫైళ్ళన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకునేదాకా కార్డులను మరో పెళ్ళికి వాడకూడదు. తరువాత మూడు కెమెరాల గడియారాలను కలపాలి. ఒక కెమెరాలో టైము పది నిమిషాలు వెనుకబడి ఉంటే, వరుసలో పెట్టినప్పుడు జీలకర్ర బెల్లానికి ముందే తలంబ్రాలు వచ్చేస్తాయి.

ఆ పైన ఏరివేత. ఒక్కో ఫోటోకు మూడు సెకన్లు చొప్పున వేసుకున్నా అయిదు వేలకు నాలుగు గంటలు దాటుతుంది. ఇప్పుడు దీనికి కృత్రిమ మేధతో పనిచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మసకబారినవి, కళ్ళు మూసుకున్నవి అవే తీసి పక్కన పెడతాయి. రిసెప్షన్ వేదిక మీద వరుసగా నిలబడి దిగే గ్రూపు ఫోటోల వరకు వాటిని నేనూ వాడతాను. పెళ్ళి తంతుకు మాత్రం వాడను. తలంబ్రాలు పోసుకునేటప్పుడు కళ్ళు మూసుకోకుండా నవ్వేవారు ఎవరుంటారు? నెత్తిన బియ్యం జలజలా పడుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని, నోరారా నవ్వుతున్న పెళ్ళికూతురి ఫోటోయే ఆ ఘట్టానికి అన్నిటికన్నా మంచి ఫోటో. సాఫ్ట్‌వేర్ లెక్కలో అది ‘కళ్ళు మూసుకున్న’ పనికిరాని ఫోటో. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి తలలూ వంగి ఉంటాయి, కనురెప్పలు దించుకుని ఉంటాయి. అడ్డుతెర పట్టినప్పుడు సగం ముఖం గుడ్డ వెనకే ఉంటుంది. అప్పగింతల్లో ఏడుస్తున్న తండ్రి ముఖం ఏ కొలతకూ అందంగా కనబడదు. ఈ ఫోటోలన్నీ మనిషే చూసి, మనిషే ఉంచాలి.

ఏరగా మిగిలిన వెయ్యిన్నర ఫోటోలకు రంగులు సరిచేయడం తరువాతి మెట్టు. మీ ఫోన్‌తో పోలిక ఇక్కడే తేడా పడుతుంది కనుక కాస్త వివరంగా చెబుతాను. ఫోన్ మీకు చూపించే ఫోటో అప్పటికే వండి వడ్డించినది. వెలుగు ఎంత, రంగు ఎంత, ముఖం ఎంత నునుపు అన్నవి అది తనకు తోచినట్టు నిర్ణయించేసి జేపెగ్‌గా దాస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. పెద్ద కెమెరా 14 బిట్ రా ఫైలులో 16,384 మెట్లు ఉంటాయి. ఆ సమాచారం వల్లనే చీకట్లో ఉన్న ముఖాన్ని పైకి తేవడం, తెల్లబోయిన పంచె అంచును వెనక్కి తేవడం వీలవుతుంది. అయితే రా ఫైలు మొదట తెరిచినప్పుడు చప్పగా, వెలిసిపోయినట్టు కనబడుతుంది. అందులో ఏది ఎంత ఉండాలన్నది ఎడిటర్ చెబితే తప్ప అది ఫోటో కాదు. పైగా ఫోన్‌లో మీరు ఒక ఫోటోను విడిగా చూసుకుంటారు. ఆల్బమ్‌లో అదే చీర, అదే ముఖం ఎనిమిది ఫోటోల్లో పక్కపక్కన కనబడుతుంది కాబట్టి ఎనిమిదింటిలోనూ ఒకే రంగులో ఉండాలి.

మన పెళ్ళిళ్ళలో వెలుగు అంత సులువుగా లొంగదు. ఇంటి ముందు నలుగు పెట్టే చోట పసుపుపచ్చ షామియానా వేస్తారు. పదకొండు గంటల ఎండ ఆ గుడ్డలోంచి దిగి, కింద కూర్చున్న వారందరినీ పసుపుపచ్చగా మార్చేస్తుంది. వారి ఒంటి మీద ఉన్నదీ పసుపే. గుడ్డ వల్ల వచ్చిన పసుపును తీసేసి, ఒంటికి రాసిన పసుపును ఉంచాలి. ఫోటో మొత్తానికీ కలిపి సాఫ్ట్‌వేర్‌లో ఒకే మీట జరిపితే రెండూ పోతాయి, పెళ్ళికూతురు జ్వరం వచ్చి లేచినదానిలా పాలిపోయి కనిపిస్తుంది. అందువల్ల ముఖాన్ని, చేతులను, వెనుక ఉన్న గోడను విడివిడిగా ఎంచుకుని సరిచేయాలి. ఆకుపచ్చ షామియానా అయితే కష్టం మరీ ఎక్కువ. కొబ్బరాకుల పందిరి చూడటానికి ఎంత అందంగా ఉన్నా, ఆకుల సందుల్లోంచి పడే ఎండ చారలు ముక్కు మీద ఒకటి, గడ్డం మీద ఒకటి పడి, ఒకే ముఖంలో సగం మండిపోయి సగం నల్లబడుతుంది.

రాత్రి ముహూర్తానికి వేరే చిక్కులున్నాయి. కల్యాణమండపంలో వెనుక ఎల్ఈడీ తెర నీలంగానో ఊదాగానో వెలుగుతుంటుంది, వేదిక మీద పార్ లైట్లనే రంగుల ఫోకస్ లైట్లు తిరుగుతుంటాయి, వీడియోగ్రాఫర్ లైటు తెల్లగా ఎదురుగా కొడుతుంది, మా ఫ్లాష్ మరో తెలుపు, హోమగుండంలో మంట నారింజ. ఒకే ముఖం మీద ఎడమ చెంప ఊదా, కుడి చెంప తెలుపు, గడ్డం కింద నారింజ పడిన ఫోటోకు సరైన రంగు అంటూ ఒకటి ఉండదు. కంటికి ఏది సహజంగా తోస్తుందో అది కల్పించుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియని ఆ మినుకు, కెమెరా షట్టర్ వేగంతో పొసగనప్పుడు ఫోటోలో అడ్డచారలుగా పడుతుంది. వాటిని తీయడం పూర్తిగా చేతిపనే. మండపం అద్దెకు తీసుకునేటప్పుడు పూల అలంకరణ గురించి గంటసేపు మాట్లాడే పెద్దలు లైటింగ్ గురించి ఒక్క మాట అడగరని మా వాళ్ళందరికీ ఉన్న ఫిర్యాదు.

మధుపర్కాలు మరో పరీక్ష. వధూవరులిద్దరూ తెల్లటి నేత బట్టల్లో, ఎర్రంచులతో, పసుపు అంటిన కొసలతో కూర్చుంటారు. తెలుపు తెల్లగా ఉండాలి, అందులో నేత కనబడాలి, దాని పక్కనే ఉన్న చామనఛాయ ముఖం చీకటి పడకూడదు. ముఖానికి వెలుగు పెంచితే బట్ట తెల్లకాగితంలా అయిపోతుంది. బట్ట కోసం తగ్గిస్తే ముఖం మునిగిపోతుంది. చిక్కటి ఎరుపు, రాణీ రంగు పట్టుచీరలు ఇంకో రకం. ఎరుపు త్వరగా నిండిపోవడం వల్ల మడతలూ బుటాలూ అన్నీ కలిసిపోయి ఒక ఎర్రటి ముద్దగా తేలుతుంది. కంచి నుంచి ఏరికోరి తెచ్చుకున్న చీరలో నేత కనబడకపోతే ఆ ఇంటివారు ఊరుకోరు, ఊరుకోకపోవడం న్యాయం కూడా. కనకాంబరాల జడ కూడా ఇదే బాధ పెడుతుంది.

ఫోటోకు సగటున అర నిమిషం అనుకున్నా వెయ్యిన్నరకు పన్నెండున్నర గంటల పని. ఇది ఏకబిగిన చేసే పనీ కాదు. రెండు గంటలు తెర వైపే చూస్తూ కూర్చుంటే కన్ను ఆ రంగుకు అలవాటుపడిపోతుంది. రాత్రి పదకొండుకు అద్భుతంగా తోచిన ఫోటో పొద్దున్నే చూస్తే పచ్చగా కనబడుతుంది. అందుకే పేరున్న స్టూడియోల్లో మానిటర్‌ను కొలత పరికరంతో సరిచూసుకుంటారు, రంగుల పనిని పగటిపూట విడతలుగా చేస్తారు.

ఇంతవరకు అయ్యాక ఫోటోలు మీ ఇంటికి సెలక్షన్ కోసం, అంటే ఆల్బమ్‌లో ఏవి వేయాలో మీరు ఎంచడానికి వస్తాయి. పది వారాల్లో అన్నిటికన్నా పెద్ద వాటా మింగేది సాధారణంగా ఈ మజిలీయే, అది మా చేతిలో ఉండదు. పెన్ డ్రైవ్ అమ్మాయి తండ్రి దగ్గర ఉంటుంది, ఆయన భార్యతో కలిసి ఆదివారం చూద్దామనుకుంటారు. అబ్బాయి వారు తమ ఫోటోలు తక్కువయ్యాయంటారు. కొత్త జంట సెలవు అయిపోయి డాలస్‌కో చికాగోకో వెళ్ళిపోయి ఉంటారు. వారికి పగలైనప్పుడు ఇక్కడ రాత్రి. మేం రెండు వందల యాభై ఎంచమని చెబితే ఎనిమిది వందలకు టిక్కు పెట్టి, ఇక తగ్గించలేం మీరే చూసుకోండి అంటారు. మేం తగ్గిస్తే, అచ్చయిన ఆల్బమ్ చూశాక “మా పెద్దమావయ్యగారిది లేదేమిటి?” అన్న ప్రశ్న వస్తుంది. పెద్దమావయ్యగారు ఎవరో మాకెలా తెలుస్తుంది? మండపంలో ఎవరో ఒకరు పక్కన నిలబడి ఫలానా వారు మేనత్త, ఫలానా వారు మధ్యవర్తి అని చెబితే గుర్తుంటుంది, లేకపోతే మాకు అందరూ పట్టుబట్టలు కట్టుకున్న బంధువులే.

సెలక్షన్ పంపే పద్ధతిలోనూ రోజులు పోతాయి. ప్రతి ఫోటోకూ కెమెరా ఇచ్చిన నంబరు ఒకటి ఉంటుంది; ఆ నంబర్లు రాసి పంపితే, లేదా ఆన్‌లైన్ లింకులోనే గుర్తు పెడితే, అసలు ఫైళ్ళు క్షణాల్లో బయటికి వస్తాయి. చాలామంది నచ్చిన ఫోటోలను వాట్సాప్‌లో పంపిస్తారు. వాట్సాప్ ఫోటోను కుదించడమే కాక పాత పేరు తీసేసి తన పేరు పెట్టుకుంటుంది. అప్పుడు మా కుర్రాడు ఆ చిన్న ఫోటోను ఒక పక్క పెట్టుకుని, ఒకేలా ఉన్న నలభై ఫోటోల్లో చెయ్యి కాస్త పైకి ఉన్నది ఏదో, వెనుక పిల్లాడు తిరిగి చూస్తున్నది ఏదో కంటితో వెతుకుతాడు. మూడు వందల ఫోటోలకు ఇలా వెతకడంలో ఒక రోజంతా గడిచిపోతుంది.

సెలక్షన్ చేతికందాక అసలు రీటచింగ్, ఆల్బమ్ డిజైన్ మొదలవుతాయి. ఆల్బమ్‌లో పెద్దగా వేసే ఫోటోలు నూట ఇరవై దాకా ఉంటాయి. చెమట మెరుపు, కళ్ళద్దాల్లో లైటు ప్రతిబింబం, పీటల వెనుక నీళ్ళసీసా, ప్లాస్టిక్ కుర్చీ, ఫ్రేములోకి దూరిన వీడియో లైటు తీగ, ఒక పక్కకు జారిన బాసికం, గ్రూపులో కళ్ళు మూసిన ఒక్కరికి పక్క ఫోటోలోంచి ముఖం తెచ్చి అతకడం — ఇవన్నీ ఇక్కడే. ముఖం మీది మచ్చలను ఒక్క నొక్కుతో తీసేసే సాధనాలు ఉన్నమాట నిజమే. వాటికి పెళ్ళికూతురి బుగ్గచుక్క కూడా మచ్చలాగే కనబడుతుంది. దిష్టి తగలకుండా అమ్మమ్మ దిద్దిన చుక్కను సాఫ్ట్‌వేర్ శుభ్రంగా తుడిచేస్తుంది, ఒక ఫోటోలో చుక్క ఉండి పక్క ఫోటోలో మాయమవుతుంది. కనుక ముఖాలను పెద్దవి చేసి, ఏది మొటిమ, ఏది పుట్టుమచ్చ, ఏది బుగ్గచుక్క అని చూస్తూ ఒక్కొక్కటే చేయాల్సిందే. ఒక్కోదానికి పది నిమిషాల లెక్కన ఇరవై గంటలు.

ఈ సందర్భంలోనే “అమ్మాయిని కాస్త తెల్లగా చేయండి” అన్న కోరిక తరచుగా వస్తుంది. ముఖం తెల్లబరిచితే మెడకూ చేతులకూ పొంతన కుదరదు, వాటినీ తెల్లబరిచితే పక్కన కూర్చున్న తల్లి వేరే ఇంటి మనిషిలా కనబడుతుంది. వెలుగు సరిగా లేక నల్లబడిన ముఖాన్ని అసలు రంగుకు తెస్తాను, అంతకు మించి చేయనని నేను ముందే చెప్పేస్తాను. దీని మీద ఇంట్లో చర్చ జరిగి, అటూ ఇటూ మార్పించడంతో ఆల్బమ్ పని వారం రోజులు ఆగిపోవడం చూశాను.

ఆల్బమ్ విషయానికి వస్తే, ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది 12×36 అంగుళాల షీటు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అది 3,600×10,800 పిక్సెళ్ళు, అంటే దాదాపు 3.9 కోట్ల చుక్కలు. ఫోన్‌లో గోరంత కనబడే ముఖం ఇందులో అడుగు ఎత్తున నిలబడుతుంది. ఫోన్‌లో దాగిన ప్రతి లోపమూ ఇక్కడ బయటపడుతుంది. షీటు మధ్యలో మడత వస్తుంది కనుక ఎవరి ముఖమూ అక్కడ పడకూడదు. కోతలో అంచులు కొంత పోతాయి కనుక గ్రూపు ఫోటోలో చివర నిలబడినవారి భుజాలు లోపలికి జరపాలి. రెడీమేడ్ టెంప్లేట్లలో ఫోటోలు పడేసి రోజుకు నలభై షీట్లు తేల్చేసే డిజైనర్లు ఉన్నారు, వారి ఆల్బమ్‌లలో మీ పెళ్ళికీ పక్కింటివారి పెళ్ళికీ ముఖాలు తప్ప తేడా కనబడదు. శ్రద్ధగా చేస్తే షీటుకు ముప్పావు గంట, నలభై షీట్లకు ముప్పై గంటలు అవుతుంది. షీటుకు ఏడెనిమిదికి మించి ఫోటోలు కుక్కితే ఏదీ కనబడదని నేను మొహమాటం లేకుండా చెబుతాను, నూటికి తొంభైమంది వినరు.

వరుస తెలియడం కూడా ముఖ్యం. బుట్టలో తేవడం, కాళ్ళు కడగడం, కన్యాదానం, జీలకర్ర బెల్లం, సూత్రధారణ, తలంబ్రాలు, బ్రహ్మముడి, సప్తపది, అరుంధతీ దర్శనం, అప్పగింతలు — ఈ క్రమం కులాచారాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి, పురోహితుణ్ణి బట్టి కూడా మారుతుంది. ఎక్కడో వేరే నగరంలో కూర్చుని షీటుకింత అని డబ్బు తీసుకుని చేసే డిజైనర్‌కు మీ ఇంటి ఆనవాయితీ తెలియదు. అలాంటి చోట రెండుమూడు సార్లు దిద్దుబాట్లు తప్పవు, ఒక్కో దిద్దుబాటుకూ మళ్ళీ మీ ఇంట్లో అందరూ చూడాలి. ఆ తరువాత ల్యాబ్‌లో ప్రింటు, లామినేషన్, బైండింగ్ కలిపి ఒక వారం వేసుకోవచ్చు.

ఏరడానికి నాలుగు, రంగులకు పన్నెండు, రీటచింగ్‌కు ఇరవై, డిజైన్‌కు ముప్పై కలిపితే అరవై ఆరు గంటలు. కన్ను నిలిచే పని రోజుకు ఆరు గంటలకు మించి చేయలేం కాబట్టి పదకొండు రోజులు. నేను మొదట చెప్పిన లెక్క ఇదే. ఈ పదకొండు రోజులు వరుసగా ఎందుకు దొరకవన్నది మీ పెళ్ళి జరిగిన నెలను బట్టి ఉంటుంది. మన పెళ్ళిళ్ళు ఏడాది పొడవునా సమానంగా పరుచుకుని ఉండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వదిలేస్తాం. గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం వస్తే ఆ రోజులూ వదిలేస్తాం. మిగిలిన ముహూర్తాల మీద ఊరంతా ఒకేసారి పడుతుంది. 2024లో ఏప్రిల్ నెలాఖరు నుంచి మూఢం, దాని వెంటే ఆషాఢం రావడంతో శ్రావణం దాకా ముహూర్తాలు లేకుండా పోయాయి. మూఢం ముందర రోజుల్లో ఏ మండపమూ ఖాళీ లేదు, ఏ ఫోటోగ్రాఫరూ ఇంటి దగ్గర లేడు. తీసేవాడే ఎడిటింగూ చేసే చిన్న స్టూడియోలో మాఘంలో తీసిన ఫోటోలు ఫాల్గుణం, చైత్రం, వైశాఖం పెళ్ళిళ్ళ మధ్య దొరికిన ఖాళీల్లోనే ముందుకు సాగుతాయి. పెళ్ళిళ్ళు ఆగిన నెలలే మాకు ఎడిటింగ్ నెలలు. మీ చెల్లెలి పెళ్ళి మాఘంలో కనుక ఈ కారణం మీకు గట్టిగానే వర్తిస్తుంది.

అయితే ఇది అన్నిటికీ సాకు కాదు. ఏరివేత, రంగులు రెండూ కలిపి పదహారు పదిహేడు గంటల పనే గనుక, ఎంత సీజన్ అయినా నెల రోజుల్లోపు సెలక్షన్ ఫోటోలు మీ చేతిలో ఉండాలి. ఉండకపోతే ఆయన తలకు మించిన పెళ్ళిళ్ళు ఒప్పుకున్నారనో, డిజైనర్‌కు డబ్బు ఇవ్వక పని ఆగిందనో, ఫైళ్ళకే ఏదో అయిందనో అనుమానించవచ్చు. సెలక్షన్ ఇచ్చిన రోజు నుంచి ఆరు వారాల్లో మొదటి డిజైన్ చూపించలేనివారు ఆల్బమ్ ధరలో ఎంత తగ్గించినా నేను వారి దగ్గరికి వెళ్ళమని చెప్పను. మిగిలిన డబ్బు మొత్తం ముందే ఇస్తేనే ఫోటోలు చూపిస్తామనేవారి పద్ధతీ నాకు నచ్చదు. సెలక్షన్‌కు కొంత, డిజైన్ ఖాయమయ్యాక కొంత, ఆల్బమ్ అందాక కొంత అన్నది ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది.

“ఎప్పుడిస్తారు?” అని అడిగితే “వచ్చే వారం” అనే జవాబే వస్తుంది. దానికి బదులు “మాస్టారూ, ఏరడం అయిందా, రంగులయ్యాయా, డిజైన్‌లో ఎన్ని షీట్లయ్యాయి?” అని అడగండి. పని జరుగుతున్న చోట ఈ ప్రశ్నకు వెంటనే అంకె వస్తుంది, వీలైతే రెండు షీట్లు అప్పటికప్పుడు పంపిస్తారు. జవాబు నీళ్ళు నమిలినట్టుంటే పని మొదలుకాలేదని అర్థం చేసుకోవచ్చు. మీ వైపు నుంచి రెండు కుటుంబాలకూ కలిపి ఒకే మనిషి సెలక్షన్ బాధ్యత తీసుకోవాలి. తప్పక ఉండాల్సిన ఇరవై ముప్పైమంది బంధువుల ఫోటోల నంబర్లు విడిగా రాసివ్వాలి. డిజైన్ చూడటానికి పంపినప్పుడు పేర్ల అక్షరాలు, తేదీ, తంతుల వరుస, మడత మీద ముఖాలు, బుగ్గచుక్కలు చూసి, అన్ని దిద్దుబాట్లూ ఒకేసారి రాసి పంపండి.

ఇక రా ఫైళ్ళ సంగతి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి చెప్పి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. కనుక అడగడానికి మీరు సంకోచించనక్కర్లేదు. ఒప్పందం కాగితం మీద రా ఫైళ్ళు ఇచ్చేది లేదని రాసి ఉందేమో మాత్రం ముందు చూసుకోండి, చాలా స్టూడియోలు అలాగే రాసుకుంటాయి. ఇవ్వడానికి ఒప్పుకున్నా అడగాల్సింది మొదట రా కాదు. ఆయన ఏరి, రంగులు సరిచేసిన ఫోటోలను పూర్తి సైజు జేపెగ్‌లుగా అడగండి; అవి ఉంటే వేరే డిజైనర్ నేరుగా షీట్లు మొదలుపెట్టగలడు. వట్టి రా ఫైళ్ళు తీసుకుంటే 150 జీబీ కుప్పలోంచి ఏరడం దగ్గర నుంచి అన్నీ మళ్ళీ చేయించాలి. ఆ పెళ్ళి చూడని మనిషికి చీర అసలు రంగు ఏదో, ఎవరు ఎవరో మీరే పక్కన కూర్చుని చెప్పాలి, సీజన్‌లో కొత్త మనిషి వరుసలో మీరు చివర నిలబడాలి. సెలక్షన్ ఇచ్చి నెలైనా కాకపోతే ఉన్నచోటే ఉంచండి. సెలక్షన్ ఫోటోలే ఇంతవరకు రాలేదంటే మాత్రం ఒక తేదీ రాతపూర్వకంగా తీసుకోండి, ఆ తేదీ దాటితే మీరే ఒక హార్డ్ డిస్కు పట్టుకుని స్టూడియోకు వెళ్ళి, జేపెగ్‌లు, రా రెండూ ఎదురుగా కూర్చుని ఎక్కించుకుని, ఫోల్డర్‌కు నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూసుకున్నాకే అక్కడి నుంచి లేవండి.